ఇంటికి ఎన్ని సెంట్లు? గ్రామసభ తేల్చవలసిన లెక్క

(వజ్రకరూరు పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరినపుడు, విషయమేమని మేము ప్రశ్నింపలేదు. పల్లెలలో ఏ అరుగుమీద కూర్చున్నను, ఏ రచ్చకట్ట చెంత నిలిచినను వినవచ్చు ప్రస్తావన యొక్కటే. ఇండ్లస్థలము ఎవరికి వచ్చును? ఎచ్చట వచ్చును? ఎన్ని సెంట్లు వచ్చును? మొదటి ప్రశ్నను గూర్చి అందఱును మాటలాడుదురు. రెండవదానిని గూర్చి కొందఱు గుసగుసలాడుదురు. మూడవది మాత్రము రాజధానిలో ఎవరో తేల్చెదరు, మనకేల యని విడిచిపెట్టుదురు. ఈ మూడవ ప్రశ్నయే మిగిలిన రెండింటికిని తాళపుచెవి యని మనవి చేయుటకే మేము వచ్చితిమి.

వజ్రకరూరు నేలకు ఒక విశేషము కలదు. తొలకరి వాన కురిసినంతనే దూరప్రాంతములవారు సైతము మూట కట్టుకొని వచ్చి, ఈ చేలలో వంగి నడచుచు వజ్రమునకై వెదకుదురు. భూగర్భశాస్త్రజ్ఞులు కింబర్లైటు అను శిలానాళములను ఇచ్చట గుర్తించియున్నారు. అంగుళ మంగుళము నేలను కన్నులతో గాలించుట యెట్టిదో ఈ ఊరివారికి మరియొకరు నేర్పనక్కఱలేదు. ఆ శ్రద్ధలో నాలవపాలు, ఒక కుటుంబము తరతరములు కాపురముండబోవు నేలను కొలుచునపుడు చూపుడని మాత్రమే మా ప్రార్థన.

మొదట అంకెలు చెప్పుదుము. ఎకరమునకు 100 సెంట్లు. సెంటనగా 48.4 చదరపు గజములు. సెంటున్నర యనగా ఇంచుమించు 653 చదరపు అడుగులు. మూడు సెంట్లనగా దానికి రెట్టింపు, ఇంచుమించు 1,307 చదరపు అడుగులు. 2020 డిసెంబరు 25వ తేదీన ఈ రాష్ట్రమున గొప్ప ఇండ్లస్థలముల పంపిణీ ఆరంభమయ్యెను. 30 లక్షలకు పైబడిన కుటుంబములకు, ఆడువారి పేరిట, పట్టాలిచ్చుట దాని సంకల్పము. పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు అని నాటి ప్రభుత్వము నిర్ణయించినది. అందు కట్టవలసిన ఇంటికి 340 చదరపు అడుగులు కొలత. ఒక సంతకముతో అన్ని లక్షలమంది నిర్భాగ్యులు భూమికి హక్కుదారులగుట సామాన్యమైన కార్యము కాదు. దానిని తక్కువ చేసి మాటలాడుట మాకు సమ్మతము కాదు.

అయితే ఆ కొలతను గూర్చిన వివాదము న్యాయస్థానమునకు పోయెను. 2021 అక్టోబరు 8వ తేదీన మన ఉన్నత న్యాయస్థానపు ఏకసభ్య ధర్మాసనము, ఇంత చిన్న స్థలములలో ఇండ్లు ఇఱికించిన యెడల ఆరోగ్యమునకును, గాలి వెలుతురులకును, ఆడువారి మరుగునకును భంగము కలుగునని భావించి, నిపుణుల సంఘముచే పరిశీలింపజేయుమని, అంతవరకు నిర్మాణములు ఆపుమని ఆదేశించినది. ఆ సంవత్సరము ముగియకమునుపే ఆ అడ్డంకి తొలగి పనులు మరల సాగినవి. పిమ్మట 2024లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము పల్లెలలో మూడు సెంట్లు, పట్టణములలో రెండు సెంట్లు అను విధానమును ప్రకటించినది.

న్యాయవాదులమైన మాకు ఈ కథలో ఒక్క సంగతి బాధ కలిగించినది. సెంటున్నర చాలునా చాలదా యని సచివాలయము చెప్పినది. న్యాయస్థానము చెప్పినది. మరల సచివాలయము చెప్పినది. ఆ ఇంటిలో పొయ్యి వెలిగించవలసిన తల్లిని అడిగినవారెవరు? ఆమె కూర్చుని మాటలాడదగిన సభ, రాజ్యాంగము గుర్తించిన సభ, ఒకటి కలదు. దాని పేరు గ్రామసభ. ఆ సభలో మొదటనే జరుగవలసిన చర్చ అచ్చట జరుగక, వందల మైళ్ల దూరమున వకీళ్లనోట జరిగినది. వకీళ్లమైన మేమే ఈ మాట చెప్పుచున్నాము, గనుక మీరు నమ్మవచ్చును.

ఇరుపక్షముల వాదములను న్యాయముగా వినుదము. విశాలమైన స్థలము కావలెననువారి మాట ఇది. పల్లెటూరి ఇల్లు నిద్రించుటకు మాత్రమే కాదు. అది పనిచోటు. 653 అడుగులలో 340 ఇంటికి పోగా మిగులునది 313. అందులోనే మరుగుదొడ్డి, దాని గుంతలు, స్నానపు మఱుగు, నీళ్ల తొట్టి, కట్టెలు, కోళ్ల గంప, రెండు గొఱ్ఱెలు. ఇక గడ్డివామి యెక్కడ? శనగకాయ మూటలెక్కడ? నీడకొక వేపచెట్టెక్కడ? అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. పంట చేతికి రాని ఏడు కుటుంబమును నిలుపునది ఆ గొఱ్ఱెయే, ఆ బఱ్ఱెయే. వానికి చోటులేని ఇల్లిచ్చుట, ఒక చేత నీడనిచ్చి మరియొక చేత జీవనోపాధిని లాగికొనుట యగును.

చిన్న స్థలమైనను మేలనువారి మాట ఇది. ఊరిచెంత నేల కొంచెమే. కొంచెము నేలను పెద్ద ముక్కలు చేసినచో కొందఱికే దక్కును. తక్కినవారికి కొండవాలుననో, ఏటి యవతలనో చూపవలసివచ్చును. ఇండ్లు ఎడమైనకొలది నీటిగొట్టములు, వీధిదీపములు, రోడ్లు పొడవగును. ఆ ఖర్చు పెట్టలేక పంచాయతీ చేతులెత్తివేయును. ఇందును సత్యము కలదు.

మేము పల్లెలు తిరుగునపుడు ఒక కాలనీలో ఒక ముదుసలి మాతో అనిన మాట మఱపురాదు. "ఇల్లిచ్చినారు నాయనా, వాకిలియ్యలేదు. గొర్రెలు యాడ కట్టేసుకోవల్ల? కట్టెలు యాడ పెట్టుకోవల్ల?" అని ఆమె అడిగినది. ఆమెకు మేము బదులు చెప్పలేకపోతిమి. అదే దినమున మరియొక పల్లెలో కూలికి పోవు యువతి యొకతె, "మూడు సెంట్లని చెప్పి మూడు కిలోమీటర్లు పంపిస్తే ఏం జేసుకోవల్లన్నా? రాత్రిపూట బిడ్డకు జ్వరమొస్తే యాడికి పోవల్ల? ఊరి పక్కన సెంటున్నరే మేలు" అనినది. ఆమెకును మేము బదులు చెప్పలేకపోతిమి. ఇద్దఱును సత్యమే పలికిరి. ఈ రెండు సత్యములను ఒక్కచోట కూర్చుండబెట్టి సమాధానపఱచుటయే స్థానిక పరిపాలన యొక్క పని.

ఇండ్లు దగ్గఱ దగ్గఱగా ఉండుటయే దోషమని కొందఱు తలంతురు. మన పాత ఊళ్లను చూడుడు. మిద్దెకు మిద్దె ఆనుకొని, గోడకు గోడ కలిసి, బండి దూరని సందులతో ఉండును. ఒకరి గోడ నీడ మరియొకరి వాకిటికి చలువ. మండుటెండల మెట్టసీమలో దగ్గఱితనమునకు సైతము ఒక గుణము కలదు. మఱి ఆ ఇఱుకులో మన పెద్దలెట్లు బ్రతికిరి? ఊరి నడుమ ఇఱుకే గాని ఊరిచుట్టు బయలు. ఊరి వెలుపల వామిదొడ్లు, కళ్లములు, దిబ్బలు. ఆపైన చెఱువుకట్ట, మేత పోరంబోకు, మంద నిలుచు చోటు, చావడి, రచ్చకట్ట. ఇంటిలో పట్టనిదంతయు ఆ బయలులో పట్టినది. నేటి కాలనీలను కొలిచినవారు పాత ఊరి ఇఱుకును తెచ్చిరి. పాత ఊరి బయలును తేవడము మఱచిరి. దోషమంతయు ఇచ్చటనున్నది.

ఇంకొక మాట దాచక చెప్పవలెను. ఆ పాత బయలు అందఱిదిగా ఉండలేదు. రచ్చకట్ట ఎక్కరాని మనుష్యులుండిరి. బావిలో చేద వేయరానివారుండిరి. వారి వాడలను ఊరికి దూరముగా, పల్లమునో గాలివాలుననో పెట్టిరి. కావున పాత ఊరిని పొగడి ఊరకుండుట మన ఉద్దేశము కాదు. పాత ఊరి బయలు కావలెను. పాత ఊరి గిరిగీత కూడదు.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చినది కాదు. ఇంగ్లండులో యంత్రశాలల చుట్టు కూలీల ఇండ్లను గోడకు గోడ చేర్చి కట్టి, వెలుతురు లేని వీధులలో జనము రోగములపాలగుట చూచి, రేమండ్ అన్విన్ అను పట్టణ నిర్మాణజ్ఞుడు 1912లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ఇండ్లను ఇఱికించుటవలన కలుగు లాభము మనమనుకొన్నంత లేదని లెక్కలతో చూపుట దాని ప్రయోజనము. ఇండ్లను దట్టము చేసినకొలది వీధులు ఎక్కువగును. మిగిలినదనుకొన్న భూమిలో పెద్దపాలు ఆ వీధులే తినివేయును. మొదటి మహాయుద్ధానంతరము అచ్చటి ప్రభుత్వము కట్టించిన ఇండ్లకు ఈ లెక్కయే ప్రాతిపదిక యయ్యెను. పట్టణములలో ఎకరమునకు 12, పల్లెలలో 8 ఇండ్లు మేలను కొలత 1918 నాటి విచారణసంఘపు నివేదికలో కలదు. ఆ అంకెలు మనకు వేదవాక్యములు కావు. వారి నేల వేరు, వాన వేరు. మనము గ్రహింపదగినది, ఎకరమునకు ఎన్ని ఇండ్లను ప్రశ్నను వారు బహిరంగముగా లెక్కకట్టి తేల్చుకొనిరను విషయము.

మహాత్ముడు 1937లో హరిజన్ పత్రికలో ఆదర్శగ్రామమును వర్ణించుచు, గాలి వెలుతురు చాలినంత గల ఇండ్లు, కూరగాయలు పండించుకొనుటకును పశువులను కట్టివేసికొనుటకును వీలైన పెరళ్లు ఉండవలెనని వ్రాసెను. పెరడు విలాసము కాదనియు, ఇంటిలోని భాగమేననియు ఆయన గుర్తించెను. ఆ మాటను నేటికిని ఎవరును కాదనరు. అయితే ఎవరును కొలతలో పెట్టరు.

సోదరులారా, ఇక మన లెక్క మనము వేసికొందము. ఇది ఉదాహరణకు మాత్రమే. ఏ ఊరి పేరును లేదు. ఊరిచెంత అయిదెకరముల నేల దొరకినదనుకొనుడు. ఇల్లు లేని కుటుంబములు 150 అనుకొనుడు. అయిదెకరములనగా 500 సెంట్లు. వీధులకు నూటికి 30 పాళ్లు, బహిరంగ స్థలమునకు నూటికి 10 పాళ్లు తీసివేయుదము. మిగులునవి 300 సెంట్లు. ఇంటికి మూడు సెంట్లిచ్చినచో 100 కుటుంబములకే చాలును. 50 కుటుంబములు వీధిలో నిలుచును. సెంటున్నర యిచ్చినచో 200 కుటుంబములకు సరిపోవును గాని ఎకరమునకు 40 ఇండ్లగును. కాబట్టి మనయెదుట మూడు దారులున్నవి.

మొదటిది. ఇంటికి రెండేసి సెంట్లు. 150 కుటుంబములకును సరిగా 300 సెంట్లు. ఎవరును మిగులరు. వాకిలి కొంత దక్కును. వామికి చోటుండదు.

రెండవది. ఇంటికి సెంటున్నర చొప్పున 225 సెంట్లు. మిగిలిన 75 సెంట్లను కాలనీని ఆనుకొని ఉమ్మడి పశువుల దొడ్డిగాను, వామిదొడ్డిగాను విడుచుట. ఇది పాత ఊరి పద్ధతి. అయితే రాత్రివేళ ఆ దొడ్డికి కావలి యెవరు, పేడ ఎవరిది, తగవు వచ్చిన తీర్చువారెవరు అని ఆడువారు అడుగుదురు. అడుగవలెను.

మూడవది. ఇంటికి మూడేసి సెంట్లు, 450 సెంట్లు. వీధులు, బయలు కలుపుకొని ఏడున్నర యెకరములు. అనగా ఇంకను రెండున్నర యెకరముల నేల సంపాదింపవలెను. ఎక్కడిది? ఎవరిది? కొనుటయా, ప్రభుత్వ భూమియా? అది ఊరికి ఎంత దూరము?

ఈ మూడింటిలో ఏది మంచిదో మేము చెప్పము. ఊరూరికి సమాధానము మాఱును. గొఱ్ఱెలవారు ఎక్కువున్న ఊరికి ఒకటి, కూలికి పోవువారు ఎక్కువున్న ఊరికి ఒకటి. ఏటికి ఆరునెలలు బెంగుళూరికి వలసపోయి ఇంటికి తాళము వేయువారి అవసరము మరియొకటి. అయితే ఏ ఊరికైనను మాఱని సంగతి యొకటి కలదు. మొదట కుటుంబముల సంఖ్య తేల్చవలెను. పిమ్మట కొలత తేల్చవలెను. కొలత పెంచుటకై జాబితాలో పేర్లు కొట్టివేయుట అధర్మము. పేర్లు ఇఱికించుటకై మనుష్యుని వాకిలి కోసివేయుటయు అధర్మమే. రెండును తప్పింపవలెనన్న నేల వెదకవలెను. నేల వెదకు శ్రమ తప్పించుకొనుటకే మనము ఈ రెండు అధర్మములలో ఏదో ఒకదానిని నీతిగా చెప్పుకొనుచున్నాము.

ఇచ్చట ఒక హెచ్చరిక. "అంత ఇఱుకైన కాలనీ మా ఊరిప్రక్కన వద్దు, ఆరోగ్యము చెడును" అని పెద్దమిద్దెలవారు కొందఱు అనుచుందురు. వారి మాటలో ఆరోగ్యమెంత, ఆ మనుష్యులు తమ ప్రక్కకు రాకుండవలెనను కోరిక యెంత, నిదానించి చూడవలెను. నిజముగా ఆరోగ్యమే వారి చింత యైనచో, పరీక్ష సులభము. ఊరిచెంతనే మరి రెండెకరములు చూపుటకు వారు సాయపడుదురా? సాయపడినచో వారి మాట స్వచ్ఛము. కానిచో అది గాలి వెలుతురుల వాదము కాదు, గిరిగీత వాదము. అట్లే, "ఎంత యిఱుకైననేమి, ఊరికే వచ్చునది గదా" అని పేదవారినోరు మూయించువారిని కూడ నిలదీయవలెను. పట్టా భిక్షము కాదు. హక్కు గలవాడు కొలత అడుగును.

నీటిమాట మఱువరాదు. 150 కుటుంబములు, ఇంటికి నలుగురన్నను 600 మంది. మనిషికి దినమునకు 55 లీటర్లు అందింపవలెనని 2019లో ఆరంభమైన జలజీవన్ కార్యక్రమపు లక్ష్యము. అనగా దినమునకు 33,000 లీటర్లు. స్థలము సెంటున్నరయైనను మూడు సెంట్లైనను ఈ అంకె మాఱదు. ఆ నీరు ఏ పథకమునుండి, ఏ తొట్టికి, ఏ గొట్టమున వచ్చును? వాడిన నీరు ఎచ్చటికి పోవును? మన రాతినేలలో గుంత త్రవ్వుట కష్టము. త్రవ్వినను నీరింకుట కష్టము. ఇండ్లు దట్టమైనచోట ఒకరి మరుగుగుంత మరియొకరి బోరుచెంత పడును. కావున దట్టముగా కట్టదలచినచో మురుగునీటికి ఉమ్మడి ఏర్పాటు ముందే ఉండవలెను. దట్టముగా కట్టి, ఏర్పాటు వెనుక చూచుకొందమనుట రోగమును పట్టాతో కూడ పంచిపెట్టుటయే.

ఇక చట్టము. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చినది. ఊరి ఓటర్ల పట్టికలో పేరున్న ప్రతివ్యక్తియు గ్రామసభ్యుడే. పదకొండవ షెడ్యూలులోని 29 విషయములలో గ్రామీణ గృహవసతియు, త్రాగునీరును ఉన్నవి. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టము, పథకములు, లబ్ధిదారులు, స్థలములు, వీని ఎంపికను గ్రామసభ పరిశీలింపవలెనని చెప్పుచున్నది. గ్రామసభ కొలతను తానై శాసింపజాలదని కొందఱు ఆక్షేపింతురు. నిజమే. కొలత రాజధానినుండి వచ్చును. కాని ఏ నేల, ఎంత బయలు, ఏ ఉమ్మడి దొడ్డి, ఏ క్రమమున వీధులు, ఎవరి ప్రక్కన ఎవరు అనునవి ఊరిలోనే తేలును. సభ తీర్మానము వ్రాసి, కారణములతో పైకి పంపినచో, దానిని త్రోసివేయుట ఏ అధికారికైనను సులభము కాదు. వ్రాయని మాటను త్రోసివేయవలసిన పనియే లేదు.

మేము చూచిన గ్రామసభలు అనేకము సంతకముల సభలు. ఒక పుస్తకము ఇల్లిల్లు తిరుగును. సంతకములు, వ్రేలిముద్రలు పడును. సభ జరిగినట్లే. ఆడువారు వాకిటనుండి చూచిపోవుదురు. వలసపోయినవారికి వార్తయే అందదు. ఇట్టి సభకు చట్టమిచ్చిన అధికారమెంత యున్నను ఫలమేమి?

కావున మా మనవి ఇది. ఇండ్లస్థలముల ప్రతిపాదన ఏ ఊరికి వచ్చినను, హద్దురాళ్లు పాతకమునుపు పటమును పంచాయతీ గోడపై తెలుగులో, పెద్ద అక్షరములతో అంటింపుడు. వలసపోయినవారు తిరిగివచ్చు పండుగదినముల సమీపమున సభ పెట్టుడు. ఆడువారు కూర్చుండి మాటలాడు వేళను ఎన్నుకొనుడు. ఆ నేలమీదనే సున్నముతో ఒక సెంటున్నర, ఒక రెండు సెంట్లు, ఒక మూడు సెంట్లు గీచి, అందులో మంచము, పొయ్యి, గొఱ్ఱె, వామి ఎక్కడ పట్టునో అందఱిచేత నిలిచి చూపింపుడు. చదువు రానివారు సైతము ఆ లెక్కను మనకంటె బాగుగా చదువుదురు. తరువాత అడుగుడు: ఎన్ని కుటుంబములు? ఎంత నేల? నీరెక్కడిది? బయలెంత? ఊరికి దూరమెంత? ఈ అయిదింటికిని బదులు వ్రాసి, చదివి వినిపించి, ఒప్పినవారును ఒప్పనివారును పేర్లు చెప్పుకొనునట్లు తీర్మానము చేయుడు.

ఇల్లు కట్టి చూడుమని పెద్దలు సామెత చెప్పిరి. కట్టిన పిదప చూచుట వ్యక్తికి తగును. ఊరు మాత్రము కట్టకమునుపే చూడవలెను. ఏలయన గోడ తప్పైన కూల్చి మరల కట్టవచ్చును. వీధి తప్పైన మూడు తరములు ఆ తప్పులోనే నడువవలెను.

ఈ పఠనమందిరమున వార్తాపత్రికలు చదువు మీరు, రేపు ఆ గోడపై పటము వెలసినపుడు దానిని చదువరానివారికి చదివి చెప్పెదరని నమ్మి, మీయందు ఆ భారముంచి, సెలవు తీసికొనుచున్నాము.